పిట్ట ముట్టని పొద్దు

నేను మెత్తటి మనిషిని కాదు. మా వార్డుల ఎవర్నన్న అడుగుండ్రి, చెప్తరు. నేను వస్తున్నంటె పేషెంటు పక్కన జాగ చేసుకొని పండుకున్నోళ్ళు లేసి నిలబడ్తరు. తంబాకు నములుతున్నోళ్ళు మింగలేక కక్కలేక అవస్థ పడ్తరు. "గా గరం సిస్టర్ వస్తున్నది" అని ఒకరికొకరు సైగలు చేసుకుంటరు. నాకు తెల్వదనుకుంటరు. తెలిసినా ఏమనను. జెర భయం ఉంటెనే గోళీలు యాల్లకు మింగుతరు.

పెండ్లిలల్ల, ఫంక్షన్లల్ల ఎవరో ఒకరు అడుగుతనే ఉంటరు. "కండ్ల ముంగట్నే మనుషులు పోతుంటె నువ్వెట్ల ఓర్చుకుంటవమ్మా?" అంటరు. "అలవాటైతది" అని మాట తప్పిస్త. అబద్ధం. అలవాటు కాదు. అయితదని చెప్పేటోళ్ళు ఎన్నడు వార్డుల నిలబడి చూడలేదన్నట్టు. నాకున్నది అలవాటు కాదు, ఒక రైలు.

ఇల్లు వికారాబాద్‌ల, డ్యూటీ తాండూరుల. పొద్దుగాల రైలుకు పోత, డ్యూటీ దిగినంక రైలుకే వస్త. వార్డుల ఎవరన్న పోయిన దినం తాండూరుల ఎక్కి కిటికీ పక్కన సీటు చూసుకుంట. బండి కదిలినంక ఏడుస్త. ధారూర్ స్టేషన్ రాంగనే ఆపుత. మొఖం కడుక్కొని, జుట్టు సరిజేసుకొని, వికారాబాద్‌ల దిగేటప్పటికి టమాటల ధర మీద పంచాయితి పెట్టుకునే మామూలు మనిషినైత. రైలు డబ్బల ఎవరన్న "ఏమైందమ్మా, కండ్లు గట్లున్నయి?" అంటె "దుమ్ము పడ్డది" అంట. తాండూరుల ఎక్కిన మనిషి గా మాటంటె ఎవరు అనుమానపడరు. ఊరు ఊరంత బండల పాలిష్ దుమ్మే.

కొలువుల చేరిన కొత్తల్ల నేను వికారాబాద్ గుట్ట మీది దవాఖానల దమ్ము రోగుల కాడ పని నేర్చుకున్న. అక్కడొక పెద్ద సిస్టర్ ఉండె. మనిషి సన్నగ, మాట మొండిగ. ఒక ముసలాయన పోయిన దినం నేను వాళ్ళ ఆడోళ్ళను పట్టుకొని ఏడ్చుకుంట ఆటో దాక పోయిన. ఆమె నన్ను ఎన్కకు పిలిచి "గేటు దాక పో. గేటు దాటకు. నువ్వు వాళ్ళ ఇంటికి పోయినవంటె వాళ్ళు నీ ఇంటికొస్తరు" అన్నది. వాళ్ళంటె ఎవరని నేను అడగలే. ఆమె మొఖం చూసినంక అడగ బుద్ధి కాలే. అప్పటి సంది నేను గేటు దాటలే.

నేను చెప్పబోయే ఆమె మా వార్డుల కిటికీ పక్క మంచం మీద ఉండె. బండల పాలిష్ కాడ చిన్నప్పటి సంది చేసింది. ఊపిరితిత్తులు బండబారిపోయినయి. డాక్టరు ఎక్స్‌రే వెలుగుకు పట్టి చూసి ఏమనకుండ మల్ల కవర్ల పెట్టిండు. నా చెల్లె ఈడుది. మొగడు ఎన్నడో పోయిండు. ఒక్కతే బిడ్డ, ఇంటరు అయిపోయిన పోరి. గా పోరి తల్లి మంచం కిందనే చాప ఏసుకొని పండుకునేది. తల్లికి జెర ఎగపోత ఎక్కువైతె సాలు, ఉలిక్కిపడి లేసేది.

మూతికి ఆక్సిజన్ మాస్క్ ఉండె కావట్టి ఆమెకు పిలిచేటందుకు గొంతు లేదు. స్టీలు చెంచ తీస్కొని మంచం కడ్డీ మీద కొట్టేది. టింగ్, టింగ్. జెర ఆగి మల్లొక్కటి. నాకు మొదట్ల మస్తు కోపమొచ్చేది. "గిదేమన్న గుడి గంటనా? ఉన్న ఒక్క సిస్టర్ చెవులు సుత పోగొడ్తవా?" అని కయ్యిమన్న. ఆమె నవ్వింది. మాస్క్ లోపలంత పొగ పట్టింది. నాకు సుత నవ్వొచ్చి మొఖం తిప్పుకున్న. అప్పట్నుంచి ఆమె అవసరం ఉన్నా లేకున్నా కొట్టేది, నేను తిట్టుకుంట పొయ్యేదాన్ని. పోయినంక ఏం లేదని చెయ్యి ఊపేది. మాస్క్ జరిపి "అక్క, ఊకెనే" అనేది. ఇద్దరం గట్ల దోస్తులమైనం. పేషెంటుతోని దోస్తీ వద్దని నాకు తెల్వదా? తెలుసు. తెలిసి సుత చేసిన.

ఆమె పోయిన దినం మధ్యాహ్నం బువ్వలయినంక వార్డంత మత్తుగ ఉండె. ఫ్యాన్ల చప్పుడు తప్ప ఏం లేదు. ఆమె చెంచ కొట్టింది. పోయిన. మాస్క్ తీసేసి, ఒక్కొక్క మాటకు దమ్ము పీల్చుకుంట "అక్క, దాన్ని జెర కిందికి పంపు" అన్నది.

"ఎందుకే?"

"అది చూడొద్దు."

ఏం చూడొద్దని నేను అడగలే. గోర్లు నీలంగ అయితున్నయి. ఆమెకు తెలిసింది, నాకు తెలిసింది. "మా అవ్వ నా ముంగట్నే పోయింది. ఇప్పటికి కండ్లు మూస్తె గా మొఖమే వస్తది. నా బిడ్డకు నా మొఖం గట్ల యాదికుండొద్దు. నేను పంపమన్ననని సుత చెప్పకు. ఒట్టు పెట్టు" అన్నది. పెట్టిన.

పోరిని పిలిచి "బిడ్డ, మీ అమ్మకు చాయ తాగబుద్ధయితున్నదంట. కాంటీన్ల మంచిగుండది, బస్టాండ్ కాడికి పోయి పట్కరా" అని ఫ్లాస్కు చేతుల పెట్టిన. గా పోరి తల్లిని చూసింది, నన్ను చూసింది. మంచం చుట్టున్న తెర పక్కకు జరిపి పోయింది. నేను తెర మల్ల దగ్గరికి గుంజి మంచం మీద కూసొని ఆమె చెయ్యి పట్టుకున్న.

చానసేపేం పట్టలే. ఆఖరుకు ఆమె చెయ్యి విడిపించుకొని చెంచ ఎతికింది. దొరికింది. కడ్డీ మీద కొట్టింది. "ఉన్న గదనే, ఇక్కడ్నే ఉన్న" అన్న. ఆమె నా దిక్కు చూడలే. తెర దిక్కు చూసుకుంట మల్ల కొట్టింది. కొడుతుంటనే చెయ్యి ఆగిపోయింది. చెంచ నా ఒళ్ళ పడ్డది.

పోరి వచ్చేటప్పటికి నేను కండ్లు మూసి, గదుమకు గుడ్డ కట్టి, దుప్పటి కప్పిన. ఆమె ఫ్లాస్కు గుండెకు అదుముకొని మంచం కాళ్ళ కాడ నిలబడ్డది. ఒక్క బొట్టు కన్నీరు రాలే. "ఎప్పుడు?" అని సుత అడగలే.

సాయంత్రం రైలెక్కిన. బండి కదిలింది. నాకు సుత ఏడుపు రాలే. నా సర్వీసుల గట్ల ఎన్నడు కాలే. దానికి బదులు ఇంకోటి వచ్చింది. కిటికీ ఊచ మీద టింగ్, టింగ్ అని. జెర ఆగి మల్లొక్కటి. ఎదురుంగ కూసున్న ముసలామె ఒళ్ళ కొత్తిమీర కట్టలు పెట్టుకొని నిద్రపోతున్నది. డబ్బల ఇంకెవరు మెలకువతోని లేరు. రైలు ఊగుడుకు ఏదో కొట్టుకుంటున్నదనుకున్న. ధారూర్ స్టేషన్ల బండి ఆగింది. చప్పుడు ఆగలే.

తెల్లారి డ్యూటీకి పోతె కిటికీ పక్క మంచంల ఒక కొత్త ముసలాయన ఉండె. మధ్యాహ్నం గా మత్తు యాల్లకు నేను టేబుల్ కాడ ఇంజక్షన్లు సరిజూసుకుంటున్న. మా వార్డు ఆయమ్మ, మేమందరం ఖాలా అంటం, గచ్చు తుడుస్తున్నది. ఉన్నట్టుండి ఆమె గుడ్డ పక్కన పెట్టి నన్నే చూసింది.

"కోన్ బులారా ఆప్‌కో?" అన్నది. ఎవరు పిలుస్తున్నరు మిమ్మల్ని అని.

అప్పుడు చూసుకున్న. నేను టేబుల్ కాడ లేను. కిటికీ పక్క మంచం కాడ నిలబడి ఉన్న. ముసలాయన చేతులు దుప్పట్ల పెట్టుకొని గుర్రు పెడుతున్నడు. ఎప్పుడు లేసిన్నో, ఎట్ల నడిచొచ్చిన్నో నాకు తెల్వదు.

"నువ్వు సుత విన్నవా ఖాలా?"

"ఏంది వినేది? నాకేం వినపడలే. పొద్దుగాల సంది మీరు ఊకె గీ మంచం కాడికి పోతున్నరు, నిలబడ్తున్నరు, మల్ల వస్తున్నరు. మూడుసార్లు చూసిన. నాకు భయమైతున్నది సిస్టర్."

నాకు భయం కాలే అంటె అబద్ధం. "పనిజూసుకో, పో" అని కసిరిన. భయమైతె నాకు కోపమొస్తది, చిన్నప్పటి సంది గంతే.

మల్ల తెల్లారి మధ్యాహ్నం డ్యూటీ దిగి చీర సర్దుకుంటున్న. గేటు కాడ ఒకాయన నిలబడి ఉండె. పోయినామెకు అన్న. దవాఖానకు ఒకటి రెండుసార్లు వచ్చిండు. మోటర్ సైకిల్ పక్కన పెట్టి చేతులు జోడించిండు.

"సిస్టరమ్మా, మీరు జెర మా ఊరి దాక రావాలె. పిట్ట ముట్టుతలేదు."

మా దిక్కు మనిషి పోయిన మూడో దినం పిట్టకు పెడ్తరు. పోయినోళ్ళు ఇష్టపడి తినేటివన్ని వండి, పూడ్చిన బొంద కాడ ఇస్తారాకుల పెట్టి, దూరం జరిగి నిలబడ్తరు. కాకి వచ్చి ముట్టిందంటె పోయినోళ్ళు నిమ్మళంగ పోయినట్టు. ముట్టలేదంటె వాళ్ళకు ఏదో కోరిక మిగిలినట్టు. అప్పుడు ఒక్కొక్కరు ముంగటికి పోయి "నీ పిల్లల్ని మేం చూసుకుంటం, ఫికర్ చెయ్యకు, ముట్టు" అని మాటిస్తరు. ఏదో ఒక మాటకు కాకి దిగుతది. ఇంట్లోళ్ళు అందాక ఏం తినరు.

"పిట్ట ముట్టకుంటె నన్నేం చెయ్యమంటవు? నేనేమన్న కాకుల డాక్టర్నా?" అన్న.

ఆయన నవ్వలే. "పొద్దుగాల పెట్టినం. అందరం మాటిచ్చినం. దిగుతలేవు. మా చెల్లె ఆఖరుకు మీ చేతులల్లనే పోయింది. మీకేమన్న చెప్పిందేమో, మీరొచ్చి ఒక్క మాట అనుండ్రి" అన్నడు. ఇంకింత దగ్గరికొచ్చి, "నా ఫికర్ చెల్లె గురించి కాదు మేడం. గా పోరి. తల్లి పోయిన కాడికెళ్ళి మెతుకు ముట్టలే. బలవంతంగ రెండు గుక్కలు తాపితె కక్కేసింది. పిట్ట ముట్టినంకనే నేను ముట్టుత అని ఎండల కూసున్నది. అది సుత పోతది మేడం" అన్నడు.

గేటు నా ముంగట్నే ఉండె. పెద్ద సిస్టర్ మాట చెవుల పడ్డది. వాళ్ళు నీ ఇంటికొస్తరు. ఇంక వచ్చేదేంది, వచ్చే కూసున్నది గదా అనుకున్న. వార్డులకు ఎన్కకు పోయి బీపీ మిషను, గ్లూకోజ్ పొడి, ఓఆర్ఎస్ ప్యాకెట్లు సంచిల ఏసుకొని, ఆయన బండి మీద కూసున్న.

బషీరాబాద్ తొవ్వ పట్టినం. రెండు దిక్కుల బండలు కోసిన గుంతలు, వాటిల్ల పచ్చటి నీళ్ళు. తవ్వి ఇడిచిపెట్టిన గుంతలకు అడుగు ఎక్కడుంటదో ఎవరికి తెల్వదు. కంచెకు సుత బండలే నిలబెట్టిన్రు. చెట్ల ఆకులు తెల్లగున్నయి. ఎండ మండుతున్నది, తొవ్వ మీద మనిషి లేడు. ఆయన బండి నడుపుకుంట ఏదో చెప్తున్నడు, గాలికి నాకు సగమే వినపడ్డది. "కాకులు రాకుంటె వేరే మాట మేడం. వచ్చినయి" అన్నది మాత్రం వినపడ్డది.

ఊరి బయట, కంది చేను గట్టు కాడ బండి ఆపిండు. చేను కోసేసిన్రు, కొయ్యలు మిగిలినయి. గట్టు పక్కన కొత్త మట్టి కుప్ప. దాని ముంగట ఇస్తారాకుల బువ్వ, మటన్ కూర, జొన్న రొట్టె, ఉడికిన గుడ్డు, గ్లాసుల చాయ. బువ్వ ఎండకు బిరుసెక్కింది. కూర మీద నూనె పేరుకున్నది. ఈగ సుత లేదు. దూరంగ యాప చెట్టు కింద పది పన్నెండు మంది తలకాయ మీద తువ్వాలలు, కొంగులు కప్పుకొని కూసున్నరు.

కాకులు కంచె బండల మీద వరుసగ కూసున్నయి. దుమ్ము పట్టి బూడిద రంగుల ఉన్నయి. అన్ని ఇస్తారాకు దిక్కే చూస్తున్నయి. ఒక్కటి అరుస్తలేదు. కాకి ఇంతసేపు అరవకుండ కూసుంటదని నాకు అప్పటిదాక తెల్వదు. నేను నడిచి పోతుంటె ఎగరలే, కదలలే. పక్కనుంచే పోయిన.

పోరి మట్టి కుప్ప పక్కన ఎండల్నే కూసున్నది. పెదవులు పగిలిపోయినయి. ఆమె నాయనమ్మ, కర్ణాటక దిక్కు ఆడమనిషి, పక్కన చెంబు పట్టుకొని "నీర్ కుడియవ్వా, నీర్ కుడియవ్వా" అని, నీళ్ళు తాగమని బతిమిలాడ్తున్నది. పోరి వింటలేదు. చెయ్యి పట్టుకొని బీపీ చూసిన. చానా తక్కువుండె. చర్మం గిల్లి చూస్తె గిల్లినట్టే నిలబడ్డది. ఓఆర్ఎస్ కలిపి మూతి కాడ పెట్టిన.

"పిట్ట ముట్టలే గద సిస్టర్" అన్నది. గంతే, పెదవులు మూసుకున్నది.

"నీకు పిచ్చా? ఇంకో పూట గిట్లనే కూసున్నవంటె నిన్ను సుత మా వార్డుకే పట్కొస్తరు" అని తిట్టిన. తిట్లకు లొంగే పోరి కాదు. దవాఖానల అయితె సూది గుచ్చి సెలైన్ పెడుదును. ఇక్కడ నా కాడ ఉన్నది ఒక ప్యాకెట్టు, ఒక నోరు.

మేనమామ మల్ల ముంగటికి పోయిండు. "చెల్లె, నీ బిడ్డను డిగ్రీ చదివిస్తనే. నా బిడ్డతోని సమానంగ చూస్తనే. ముట్టవే" అన్నడు. ఇంకొకామె "నీ మేకను అమ్మం, కొయ్యం. నా పెండ్లిల పాడిన పాటలు ఎవరు పాడ్తరే ఇంక? ముట్టు అక్కా" అని ఏడ్చింది. కాకులు వింటున్నట్టే తలకాయలు పక్కకు వంచినయి. దిగలే.

అప్పుడు చెట్టు కిందికెళ్ళి ఒక ముసలాయన గొంతు వినపడ్డది. "ఎట్ల ముట్టుతది? ఆఖరు యాల్లకు కన్నబిడ్డ కాడ లేకపాయె. చాయకు పోయిందంట, చాయకు! గా తల్లి ఇంక ఎతుక్కుంటనే ఉంటది."

పోరి తల ఎత్తలే. భుజాలు మాత్రం లోపలికి ముడుచుకున్నయి.

"ఎవరన్నరు గా మాట? లేసి నిలబడి అను!" అని అరిచిన. ఎవరు లేవలే. నేనే మట్టి కుప్ప కాడికి పోయిన. "ఏమే, నీకు ఒట్టు పెట్టిన. ఇప్పుడు తప్పుతున్న. కోపమొస్తె నా మీద చెయ్యి, నేను ఎట్లనో పడ్త. దాని మీద మాత్రం చెయ్యకు" అన్న. అని, అందరి దిక్కు తిరిగి, ఉన్నదున్నట్టు చెప్పిన. పోరిని పంపమన్నది తల్లే. పోయేది తన బిడ్డ చూడొద్దని పంపమన్నది. చాయ అన్నది నేను అల్లిన మాట. ఈ పోరి తప్పు ఇంతంత సుత లేదు.

ఆడోళ్ళు కొంగులు నోట్ల కుక్కుకున్నరు. మేనమామ కూలబడ్డడు. నేను కాకుల దిక్కు చూసిన. నిజం చెప్పిన, ఇంకేం కావాలె అనుకున్న. ఒకటి బండ మీదికెళ్ళి కిందికి దుంకింది. రెండడుగులు ఏసింది. ఇస్తారాకు ముంగట ఆగింది. బువ్వను చూడలే, నన్ను చూడలే. పోరిని చూసింది. మల్ల ఎగిరి బండ మీద కూసున్నది. చెట్టు కింద ఎవరో "అమ్మో" అన్నరు.

"నేను చాయకు పోలే."

అది పోరి గొంతు. అంత సన్నగ ఉండె, ముందుగాల ఎవరన్నరో అని చుట్టు చూసిన.

"తెర ఎన్కనే నిలబడ్డ సిస్టర్. అమ్మ మీకు చెప్పిందంత విన్న. చూడొద్దన్నది గదా, చూడలే. కండ్లు మూసుకొని నిలబడ్డ. ఇంతల చెంచ కొట్టింది." ఆమె నా దిక్కు తిరిగింది. "మీరు పక్కనే ఉన్నరు గదా. మీరు ఉన్న అన్నరు గదా. మల్ల ఎందుకు కొట్టింది? నన్నేనా?"

నా సర్వీసుల మస్తు అబద్ధాలు చెప్పిన. నొప్పి తెల్వకుండ పోయిండని, నిద్రలనే పోయిందని, మీ పేరే తలిచిందని. గవి సుత మందులే. వాటితోని మనుషులు ఇంటి దాక నడుస్తరు. ఇప్పుడు సుత నాలిక మీదికి వచ్చింది. నీళ్ళకు కొట్టింది బిడ్డ, నన్నే పిలిచింది అని. అంటె అయిపోతుండె. గా పోరి నా కండ్లల్లకు చూస్తున్నది. బండల మీద కూసున్నవన్ని ఇటే చూస్తున్నయి. నాకు మూడు దినాల సంది వినపడుతున్న చప్పుడు ఎవరి కోసమో నాకే తెలుసు. అది నా పిలుపు కాదు. పొరపాటున నాకు వినపడుతున్నది, గంతే.

"నిన్నే బిడ్డ" అన్న. "తెర దిక్కే చూసింది. నా దిక్కు చూడలే. పొమ్మన్నది గని, ఆఖరుకు మనసు ఆగలే. నువ్వే కావాలనుకున్నది."

పోరి రెండు చేతులతోని గా మట్టిని కొట్టుడు షురూ చేసింది. "పొమ్మన్నది నువ్వు! రమ్మన్నది నువ్వు! ఏది వినాలె నేను? నీ మాట వినుకుంటనే నిలబడ్డ గదనే! నడిచొస్తె నాలుగడుగులు లేదు గదనే!" తల్లిని తిట్టింది. అసొంటి తిట్లు నేను పోరలు పోచమ్మ జాతరల సుత తిట్టంగ వినలే. మేనమామ పట్టుకోబోయిండు. "ఇడిచిపెట్టు" అన్న. "తిట్టనియ్యి. ఆమె తల్లి, ఆమె తిడ్తది." అరిచి అరిచి గొంతు పోయింది. అప్పుడు ఏడుపొచ్చింది. పొట్ట లోపలికెళ్ళి వచ్చింది. కన్నీళ్ళు రావడానికి సుత ఒంట్ల నీళ్ళు లేవు, ఎండిన ఏడుపు. ఏడ్చి ఏడ్చి అలసిపోయి, మట్టి మీద చెంప పెట్టి పక్కకు ఒరిగింది.

మేమందరం అట్లనే నిలబడ్డం. గాలి ఆగింది.

చానసేపటికి ఆమె మూతి కదిలింది. మట్టితోని మాట్లాడింది, మాతోని కాదు. బడికెళ్ళి వచ్చి సంచి పడేసి పొయ్యి కాడున్న తల్లికి చెప్పినట్టు చెప్పింది.

"ఆకలైతుందే అమ్మా."

రెక్కల చప్పుడైంది. బండల మీది కాకి కాదు. మా ఎన్కకెళ్ళి, ఏ దిక్కు నుంచో, ఒకటి వచ్చింది. నా భుజం పక్కకెళ్ళే పోయింది, గాలి నా మెడకు తగిలింది. ఇస్తారాకు మీద వాలి, కూర ముట్టలే, గుడ్డు ముట్టలే, జొన్న రొట్టె తునక తీస్కొని లేసింది. "ముట్టింది! ముట్టింది!" అని చెట్టు కింద అందరు లేసి ఉరికిన్రు. బండల మీదున్నవన్ని ఒక్కసారి కావుకావుమని దిగినయి. అంతసేపు గొంతుల పట్టిపెట్టుకున్న అరుపంత అప్పుడే అరిచినయి. మొగోళ్ళు, ఆడోళ్ళు, కాకులు, ఎవరి చప్పుడు ఎవరిదో తెల్వలే.

పోరి పిట్టను చూడనే లేదు. అట్లనే ఒరిగి, నా చీర కొంగు పట్టుకొని గుంజింది.

నాయనమ్మ బువ్వ కలిపి పట్కొస్తె ఆపిన. "ముందుగాల నీళ్ళు. ఒక్కొక్క చెంచ. ఒక్కసారే పెడితె కక్కుతది" అన్న. పోరి తలకాయ నా తొడ మీద పెట్టుకొని గ్లాసుల కలిపినవి తాపుడు షురూ చేసిన. ఒక గుక్క లోపలికి పోయింది. కక్కలే. ఇంకొకటి పోయింది. నేను ఆఖరు గుక్క తాపిన మనుషులకు లెక్క లేదు. వాళ్ళ మూతి పక్కకెళ్ళి కారిన నీళ్ళు నా చేతికి యాదికున్నయి. గీ నీళ్ళు కారలే. గొంతుల దిగుతుంటె కనపడుతున్నది.

గ్లాసు సగమైంది. ఆమె కండ్లు తెరిచి నన్ను చూసి "ఇంకింత పొయ్యి సిస్టర్" అన్నది. పోసిన. పోసుకుంటనే ఏడ్చిన, అందరు చూస్తుండంగనే, గొంతెత్తి ఏడ్చిన.